నిరుటి గోల్స్ చూసి ఈ ఏటి టీమ్: ఫాంటసీ ఫుట్‌బాల్‌లో పాత లెక్క ఎంతవరకు పనికొస్తుంది?

శనివారం అసర్ నమాజ్‌కు బయల్దేరుతుంటే మా అన్న కొడుకు ఫోన్ పట్టుకొని గుమ్మంలో అడ్డం వచ్చాడు. "చిచ్చా, ఇంకా అర్ధగంటే టైం ఉంది. సలాను ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నిరుడు 344 పాయింట్లు చేసిండు. అట్లాంటోడిని ఎట్ల తీసేస్తం?"

ఇది ఒక్క మా ఇంటి ముచ్చట కాదు. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగే పిల్లలను అడగండి, మహబూబ్‌నగర్ తెలంగాణ చౌరస్తాలో నిలబడే కాలేజీ పిల్లలను అడగండి. క్రికెట్ ఎట్లాగూ ఉంది. దాని పక్కన ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కూడా ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేసింది. సలా, మహ్రెజ్, కాంటే లాంటి పేర్లు మన ఇళ్లలో పిల్లలకు నోటికి వచ్చు. మ్యాచ్ చూడటంతో ఆగట్లేదు, సొంతంగా టీమ్ కట్టి పాయింట్లు లెక్కపెట్టుకుంటున్నారు.

మావాడు ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "లెక్కలన్నీ చూసి కడితే పైసలు కూడా వస్తయట కదా చిచ్చా?" ఈ రెండు ప్రశ్నలూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ రెండింటికీ మూలం ఒక్కటే. పాత లెక్క చూసి రేపటిని ఎంతవరకు చెప్పగలం? దానికి జవాబు తెలిస్తే రెండో ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు ఆట గురించి

ఈ ఆట తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. ఫాంటసీ ప్రీమియర్ లీగ్ అనేది ప్రీమియర్ లీగే నడిపే ఉచిత ఆట. 2002లో మొదలైంది. ప్రపంచం మొత్తం మీద కోటి మందికి పైగా ఆడుతున్నారు. ఆడేవాళ్లకు 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి బడ్జెట్ ఇస్తారు. అందులో 15 మందిని కొనాలి: 2 గోల్‌కీపర్లు, 5 డిఫెండర్లు, 5 మిడ్‌ఫీల్డర్లు, 3 ఫార్వర్డ్‌లు. ఒక్క క్లబ్ నుంచి ముగ్గురికి మించి తీసుకోవద్దు. వారం వారం 11 మందిని దించాలి, ఒకరిని కెప్టెన్ చెయ్యాలి. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు.

నిజం మ్యాచ్‌లో ఆ ఆటగాడు ఏం చేస్తే దాన్నిబట్టి పాయింట్లు. 60 నిమిషాలు ఆడితే 2, అంతకంటే తక్కువ ఆడితే 1. ఫార్వర్డ్ గోల్ కొడితే 4, మిడ్‌ఫీల్డర్ కొడితే 5, డిఫెండర్ కొడితే 6. గోల్ కొట్టడానికి పాస్ ఇస్తే, అంటే అసిస్ట్‌కు, 3. అవతలి టీమ్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే గోల్‌కీపర్‌కు, డిఫెండర్లకు తలా 4. పసుపు కార్డుకు 1, ఎర్ర కార్డుకు 3 కోత. వారానికి ఒక ఆటగాడిని ఊరికే మార్చుకోవచ్చు. అంతకు మించి మారిస్తే ఒక్కొక్కరికి 4 పాయింట్లు పోతాయి.

అంటే ఇది బడ్జెట్ ఆట. నెల జీతంతో ఇల్లు నడిపినట్లే. ఒకరి మీద ఎక్కువ పెడితే ఇంకొకరి దగ్గర తగ్గించుకోవాలి. అందుకే "ఎవరు బాగా ఆడతారు" అన్నది సగం ప్రశ్న. "ఇచ్చే ధరకు తగ్గట్టు ఆడతారా" అన్నది మిగతా సగం.

సలా ఎనిమిదేళ్ల పుస్తకం

మావాడు అడిగిన సలాతోనే మొదలుపెడదాం. 2017లో లివర్‌పూల్‌కు వచ్చినప్పటి నుంచి ప్రీమియర్ లీగ్‌లో మహ్మద్ సలా సీజన్‌వారీగా కొట్టిన గోల్స్ ఇవి:

2017-18: 32
2018-19: 22
2019-20: 19
2020-21: 22
2021-22: 23
2022-23: 19
2023-24: 18
2024-25: 29

మొత్తం 184. ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా 23. ఇప్పుడు ఈ వరసను నింపాదిగా చూడండి. 23 అటూ ఇటూగా ఎన్నేళ్లు ఉన్నాయి? ఐదేళ్లు 19 నుంచి 23 మధ్యలోనే. రెండేళ్లు మాత్రం ఆకాశానికి ఎక్కాయి, 32, 29.

మొదటి సీజన్‌లో 32 చూసినవాళ్లు తర్వాతి ఏడు కూడా 32 వస్తాయనుకున్నారు. వచ్చింది 22. ఫాంటసీ పాయింట్లు 303 నుంచి 259కి దిగాయి. ఆట పాడైందా అంటే అస్సలు లేదు. 22 గోల్స్ అంటే ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆయన తన మామూలు స్థాయికి వచ్చాడు, అంతే.

హాలాండ్‌ను చూసినా అదే కథ. 2022-23లో 36 గోల్స్, లీగ్ రికార్డు. తర్వాత 27, ఆ తర్వాత 22. కోల్ పామర్ 2023-24లో 22, ఆ మరుసటి ఏడు 15.

ఇక్కడ రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, పాత లెక్క అబద్ధం చెప్పలేదు. సలా, హాలాండ్ పెద్ద ఆటగాళ్లని అది చెప్పింది, వాళ్లు పెద్ద ఆటగాళ్లుగానే ఉన్నారు. రెండు, నిరుటి అంకె మాత్రం తిరిగి రాలేదు. ఎవరు గట్టివాళ్లో పాత లెక్క చెబుతుంది. ఈ ఏడు ఎంత కొడతారో అది చెప్పలేదు. చాలామంది ఓడిపోయేది ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల.

మన బత్తాయి తోటల రైతులకు ఇది కొత్త కాదు. ఒక ఏడు చెట్టు విరగకాసిందంటే మరుసటి ఏడు కూడా అంతే కాస్తుందని ఎవరూ తోట కౌలుకు తీసుకోరు. ఐదారేళ్ల కాపు ఎట్లుందని అడుగుతారు. నీళ్లెట్లున్నాయని చూస్తారు.

ఎందుకు దిగుతుంది?

అంకె ఎందుకు దిగుతుంది? ఫుట్‌బాల్‌లో గోల్స్ చాలా తక్కువ. టీ20లో ఒక జట్టుకు 120 బంతులు, నూటాయాభై పరుగులు. ఫుట్‌బాల్‌లో రెండు జట్లూ కలిసి మ్యాచ్‌కు సగటున మూడు గోల్స్ కూడా కొట్టవు. ఎంత తక్కువసార్లు జరిగే పనైతే అంత ఎక్కువగా అదృష్టం చేయి పెడుతుంది. బంతి పోస్టుకు తగిలి లోపలికి పోతే గోల్, బయటికి పోతే సున్నా. కొట్టినవాడి కాలు మాత్రం అదే.

చిన్న లెక్క వేద్దాం. ఒక మంచి ఫార్వర్డ్ ఉన్నాడనుకుందాం. అతని నిజమైన సత్తా రెండు మ్యాచ్‌లకు ఒక గోల్. 38 మ్యాచ్‌ల సీజన్‌కు 19. సత్తా ఏమాత్రం మారకపోయినా, ఒట్టి అదృష్టం వల్లే అతను ఒక ఏడు 15, ఇంకో ఏడు 23 కొట్టడం మామూలే. 15 కొట్టినప్పుడు "పనైపోయింది" అంటాం, 23 కొట్టినప్పుడు "మొనగాడు" అంటాం. మనిషి మాత్రం ఒక్కడే.

ఇక ఐదు మ్యాచ్‌ల "ఫామ్" చూసి తీసుకునేవాళ్ల సంగతి. అదే ఆటగాడు ఐదు మ్యాచ్‌లలో సగటున రెండున్నర గోల్స్ కొట్టాలి. కానీ లెక్క ప్రకారం దాదాపు పదిసార్లకు ఒకసారి 5 లేదా అంతకు మించి కొడతాడు. పన్నెండుసార్లకు ఒకసారి అసలు ఒక్కటీ కొట్టడు. లీగ్‌లో ఇట్లాంటివాళ్లు 20 మంది ఉన్నారనుకోండి. ఏ ఐదు వారాలు తీసుకున్నా ఇద్దరు ముగ్గురు నిప్పులు చెరుగుతున్నట్టు కనబడతారు, ఒకరిద్దరు చల్లారిపోయినట్టు కనబడతారు. అందరూ ఒకే సత్తా ఉన్నవాళ్లే! మనం మాత్రం ఆ ఇద్దరి వెంట పరుగెత్తి, 4 పాయింట్లు కోత పెట్టించుకొని మరీ తెచ్చుకుంటాం. వచ్చాక వాళ్లు మామూలుగా ఆడతారు. "నేను తీసుకుంటేనే ఆడడు" అని వాపోతాం.

పాలమూరులో పెరిగినవాళ్లకు ఇది ఒక్క మాటలో చెప్పొచ్చు. ఒక్క పెద్ద వాన పడగానే చెరువు నిండిందనుకోవద్దు. ఒక్క వారం ఎండ కాయగానే కరువొచ్చిందనీ అనుకోవద్దు.

లీసెస్టర్ పాఠం: చుట్టూ ఉన్నవాళ్లు మారితే?

అన్నీ అదృష్టం మీదికి నెట్టడం కూడా తప్పే. కొన్నిసార్లు అంకె వెనక ఉన్న కారణమే మాయమైపోతుంది.

2015-16లో లీసెస్టర్ సిటీ ఎవరూ ఊహించని విధంగా లీగ్ గెలిచింది. అల్జీరియా ఆటగాడు రియాద్ మహ్రెజ్ ఆ సీజన్‌లో 17 గోల్స్, 11 అసిస్ట్‌లు. ఫాంటసీలో సీజన్ మొదట అతని ధర 5.5 మిలియన్లే. ఆఖరికి 240 పాయింట్లు. జేమీ వార్డీ 24 గోల్స్. మరుసటి ఏడు ఇద్దరి ధరా బాగా పెరిగింది. నిరుటి లెక్క చూసి జనం ఎగబడి కొన్నారు. మహ్రెజ్ 6 గోల్స్ కొట్టాడు, వార్డీ 13. లీసెస్టర్ 12వ స్థానంలో ఆగింది. కోచ్ రనియేరీని మధ్యలోనే తీసేశారు.

ఏం మారింది? 2016 వేసవిలో ఎన్‌గోలో కాంటే చెల్సీకి వెళ్లిపోయాడు. గోల్స్ కొట్టే మనిషి కాదు, ఫాంటసీలో పెద్ద పాయింట్లు తెచ్చే మనిషీ కాదు. కానీ మైదానం మధ్యలో బంతి లాక్కుని ముందుకు అందించేది ఆయనే. ఆయన పోగానే ముందున్న ఇద్దరికీ బంతి అందే దారి సన్నబడింది. దానికి తోడు ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల భారం. లీసెస్టర్ అంటే ఎదుటి జట్లకు కూడా తెలిసిపోయింది. ఆ సీజన్‌లో లీగ్ గెలిచింది ఎవరు? కాంటే చేరిన చెల్సీ.

మన దగ్గర్లోనూ ఒక ఉదాహరణ ఉంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. ఆ సీజన్‌లో నైజీరియా స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఒగ్బెచె ఆ జట్టుకు 18 గోల్స్ కొట్టాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. తర్వాతి సీజన్‌లో 10. ఆ తర్వాత జట్టు డబ్బు ఇబ్బందుల్లో పడింది, పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో లీగ్ అట్టడుగున మిగిలింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన ఏటి లెక్కలు పట్టుకొని రెండేళ్ల తర్వాత ఆ జట్టు ఆటగాళ్లను ఎంచుకున్నవాడి గతేం కావాలి?

మరి పాత లెక్కలో ఏం చూడాలి?

మొత్తం పాయింట్లను పక్కన పెట్టి, ఆ పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. ఏడాది తర్వాత ఏడాది తిరిగి వచ్చే అలవాట్లు కొన్ని ఉంటాయి, రానివి కొన్ని ఉంటాయి. తిరిగి వచ్చేవాటినే నమ్మాలి.

ఒకటి, నిమిషాలు. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మైదానంలో లేనివాడికి పాయింట్లు రావు. నిరుడు 38 మ్యాచ్‌లలో ఎన్ని మొదటి నుంచి ఆడాడు, ఎన్ని బెంచ్ మీద నుంచి వచ్చాడు, గాయాలెన్ని అని చూడాలి. అదే స్థానంలో కొత్త ఆటగాడిని క్లబ్ కొన్నదా అనేది కూడా చూసుకోవాలి.

రెండు, షాట్లు. గోల్స్ కంటే షాట్ల లెక్క నిలకడగా ఉంటుంది. ఎందుకంటే షాట్లు ఎక్కువసార్లు జరుగుతాయి. సుమారుగా పది షాట్లకు ఒక గోల్ పడుతుంది. ఎక్కడి నుంచి కొట్టాడన్నదీ ముఖ్యమే. దీన్ని ఒక్క అంకెలో చెప్పేదే "ఎక్స్‌పెక్టెడ్ గోల్స్", పొట్టిగా ఎక్స్‌జీ. అంటే అట్లాంటి చోటు నుంచి, అట్లాంటి షాట్ కొడితే మామూలుగా ఎన్నిసార్లు గోల్ అవుతుందన్న అంచనా. పెనాల్టీ నాలుగింట మూడుసార్లు గోల్ అవుతుంది కాబట్టి దాని విలువ 0.75 దగ్గర్లో ఉంటుంది. దూరం నుంచి కొట్టిన షాట్ విలువ 0.05 కూడా ఉండకపోవచ్చు. ఒకడు 15 గోల్స్ కొట్టాడు, ఎక్స్‌జీ మాత్రం 9 ఉందనుకోండి. అందులో కొంత నైపుణ్యం ఉండొచ్చు, ఎక్కువ భాగం అదృష్టం. తిరిగి రాదని అనుకోవడమే మంచిది. తిరగేసి, 8 గోల్సే కొట్టాడు గానీ ఎక్స్‌జీ 13 ఉంటే, వాడి మీద ఓ కన్నేసి ఉంచండి. జనం వదిలేసిన సరుకు అగ్గువకు దొరుకుతుంది.

మూడు, పెనాల్టీలు. పామర్ 22 గోల్స్ కొట్టిన సీజన్‌లో 9 పెనాల్టీలే. పెనాల్టీలు ఎవరు కొడతారన్నది నిలకడగా ఉంటుంది. జట్టుకు ఎన్ని పెనాల్టీలు దొరుకుతాయన్నది ఉండదు. కాబట్టి పెనాల్టీ గోల్స్‌ను వేరే గడిలో రాసుకోవాలి.

నాలుగు, ఆడే చోటు. దీనికి మన హైదరాబాదే పెద్ద పాఠం చెప్పింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌గా చేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన మనిషి. ఆయన టీమ్‌లో జర్నైల్ సింగ్ డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని వెనక నుంచి తీసి ముందు ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్‌లో గోల్. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద ఇంకో గోల్. 2-1తో బంగారు పతకం. జర్నైల్ సింగ్ పాత లెక్క మాత్రమే చూసినవాడికి ఆ గోల్స్ కలలో కూడా కనిపించేవి కావు. ఆయన ఎక్కడ నిలబడ్డాడో చూసినవాడికి కనిపించేవి. ఫాంటసీలో ఇప్పటికీ ఇదే సూత్రం. డిఫెండర్ అని రాసి ఉన్నవాడు ఈ ఏడు ముందుకు వచ్చి ఆడుతుంటే, నిరుటి పాయింట్లు పక్కన పెట్టి తీసుకోవాల్సిందే. గోల్‌కు అతనికి 6 పాయింట్లు వస్తాయి మరి.

ఐదు, జట్టు, లీగ్, నియమాలు. డిఫెండర్‌కు వచ్చే 4 పాయింట్లు అతనొక్కడి కష్టం కాదు, జట్టుది. క్లబ్ మారితే ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది. కింది లీగ్‌లో కొట్టిన గోల్స్ పై లీగ్‌లో అట్లాగే రావు. 2023-24లోనూ, 2024-25లోనూ పైకి వచ్చిన మూడు జట్లూ అదే ఏడు తిరిగి కిందికి పోయాయి. ఇక 2025-26 నుంచి నియమమే మారింది. ట్యాకిళ్లు, అడ్డుకోవడాలు, బంతి క్లియర్ చేయడాలు కలిపి మ్యాచ్‌లో 10 చేసిన డిఫెండర్‌కు 2 పాయింట్లు అదనం. అంటే అంతకుముందు ఏటి పాయింట్ల పట్టిక డిఫెండర్ల విషయంలో పాత కొలతతో కొలిచిన బట్ట.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇద్దరు ఆటగాళ్లను ఊహించుకుందాం. మొదటివాడు నిరుడు 900 నిమిషాలు ఆడి 8 గోల్స్ కొట్టాడు. రెండోవాడు 3000 నిమిషాలు ఆడి 18 కొట్టాడు. 90 నిమిషాలకు లెక్కేస్తే మొదటివాడు 0.8, రెండోవాడు 0.54. పైపైన చూస్తే మొదటివాడే మొనగాడు.

కానీ 900 నిమిషాలంటే పది మ్యాచ్‌లే. పది మ్యాచ్‌ల సాక్ష్యాన్ని అంతగా నమ్మలేం. అందుకే ఒక పాత పద్ధతి ఉంది. ఇద్దరి లెక్కలోనూ పది "మామూలు" మ్యాచ్‌లు కలపాలి. మామూలు ఫార్వర్డ్ మ్యాచ్‌కు 0.4 గోల్ కొడతాడనుకుంటే, పది మ్యాచ్‌లకు 4 గోల్స్. ఇప్పుడు మొదటివాడికి 20 మ్యాచ్‌లలో 12, అంటే 0.6. రెండోవాడికి 43 మ్యాచ్‌లలో 22, అంటే 0.51. చూశారా, మొదటివాడి ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. తక్కువ సాక్ష్యం ఉన్నవాడి అంకె సగటు వైపు ఎక్కువగా జరిగింది, ఎక్కువ సాక్ష్యం ఉన్నవాడిది కొద్దిగానే కదిలింది.

ఇప్పుడు నిమిషాలు. మొదటివాడు ఈ ఏడు కూడా మ్యాచ్‌కు సగం సేపే ఆడతాడనుకుంటే 0.6లో సగం, 0.3. రెండోవాడు పదింట తొమ్మిది వంతులు ఆడతాడనుకుంటే 0.46. కొనాల్సింది రెండోవాడిని. ఈ లెక్కకు కంప్యూటర్ అక్కర్లేదు. పదో తరగతి పిల్లలు నోటుబుక్‌లో చెయ్యగలరు. ఇట్లాంటి పద్ధతి ఒక్కటి నేర్చుకుంటే ఆటతోనే ఆగదు. పరీక్ష మార్కులు, పంట దిగుబడులు, దుకాణం అమ్మకాలు, అన్నిట్లోనూ పనికొస్తుంది.

ధర అనే మెలిక

ఇంకో మెలిక ఉంది. నిరుటి లెక్క మనకొక్కరికే తెలిసిన రహస్యం కాదు. ధర పెట్టినవాళ్లకూ తెలుసు. 344 పాయింట్ల తర్వాత 2025-26లో సలా మొదటి ధర 14.5 మిలియన్లు. మొత్తం బడ్జెట్‌లో ఏడో వంతు! ఆ ధరలోనే నిరుటి ఘనత అంతా కలిసి ఉంది. ఆయన మళ్లీ 29 గోల్స్ కొడితేనే మనకు గిట్టుబాటు. తన మామూలు 23 కొడితే నష్టమే.

నిరుడు పత్తికి ధర బాగా పలికిందని ఈ ఏడు అందరూ పత్తే వేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సీజన్‌లో ఏం జరిగింది? 2025 నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో లివర్‌పూల్ వరుస మ్యాచ్‌లలో సలాను మొదటి పదకొండు మందిలో దించలేదు. డిసెంబర్ 21 నుంచి మొరాకోలో ఆఫ్రికా కప్పు మొదలైంది, ఈజిప్టు కోసం ఆయన అక్కడికి వెళ్లాడు. ఆఫ్రికా కప్పు తేదీలు ముందే తెలుసు. అది పాయింట్ల పట్టికలో ఉండదు, క్యాలెండర్‌లో ఉంటుంది. అందుకే పాత లెక్క పక్కన క్యాలెండర్ కూడా పెట్టుకోవాలి.

ఇక పైసల ముచ్చట

ఇప్పుడు మావాడి రెండో ప్రశ్న. "లెక్క తెలిస్తే పైసలు వస్తాయా?"

ఇంతసేపు మనం ఏం చూశాం? అన్నీ తెలిసి, అన్నీ చూసినా, సత్తా మారని ఆటగాడే ఒక ఏడు 15, ఒక ఏడు 23 కొడతాడని చూశాం. ఒక్క మ్యాచ్ సంగతికొస్తే అంచనా ఇంకా వదులు. పైసలు పెట్టే పోటీలు ఎక్కువగా ఆ ఒక్క మ్యాచ్ మీదే నడుస్తాయి. సీజన్ మొత్తానికి కొద్దో గొప్పో ఫలితమిచ్చే తెలివి ఒక్క రాత్రికి దాదాపు ఏమీ ఇవ్వదు. పది మంది తలా వంద వేస్తే వెయ్యి. నడిపేవాడు తన వాటా తీసుకున్నాకే మిగిలింది పంచుతాడు. కాబట్టి పది మందినీ కలిపి చూస్తే వేసినదానికంటే వచ్చేది తక్కువే. ఒకరిద్దరు గెలిచిన స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో తిరుగుతాయి. ఓడినవాళ్ల స్క్రీన్‌షాట్ ఎవరూ పంపరు.

చట్టం సంగతి కూడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆట అనే మినహాయింపు తీసేసి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా పైసలు పెట్టే ఆటలన్నిటికీ అది వర్తిస్తుంది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. దాంతో డ్రీమ్11 లాంటి పెద్ద కంపెనీలే పైసల పోటీలు ఆపేశాయి. ఇప్పుడు ఎవరైనా "లొకేషన్ మార్చి ఆడు, ఈ లింక్‌లో పైసలు వెయ్యి" అంటే, అది ఏ లెక్కా పత్రం లేని చోటు. పైసలు పోతే అడిగే దిక్కు ఉండదు. ఇక మన దీన్ ప్రకారం చూస్తే, అందరూ పైసలు వేసి గెలిచినవాడు ఎత్తుకుపోయేది ఖిమార్ కిందికి వస్తుందని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి చెప్పే మాటే. సందేహం ఉంటే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోన్‌లో ఫుట్‌బాల్ టీమ్ కనబడగానే కొట్టడానికి లేవకండి. ముందు ఒక్కటే అడగండి: "ఇందులో పైసలు వేస్తున్నావా?" వెయ్యట్లేదంటే, పక్కన కూర్చుని ఎవరిని ఎందుకు తీసుకున్నావో చెప్పమనండి. ఉచితంగా, ఇంట్లోవాళ్లు, దోస్తులు కలిసి ఒక చిన్న లీగ్ పెట్టుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్న అన్నలు, మామూలు కూడా అందులో చేరొచ్చు. వారానికోసారి ఫోన్ చేసుకోవడానికి అదొక వంక.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ అర్ధగంటలో ఇద్దరం కూర్చుని సలా నిమిషాలు, షాట్లు, ముందున్న మ్యాచ్‌లు, ఆఫ్రికా కప్పు తేదీలు ఒక కాగితం మీద రాసుకున్నాం. తీసెయ్యాలని వాడే తేల్చుకున్నాడు. ఆ పైసల లింక్ కూడా నా ముందే డిలీట్ చేశాడు. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి అడిగాడు, "చిచ్చా, తీసేసినంక ఈ వారమే గోల్ కొడితే?"

"కొట్టనీ బేటా," అన్నాను. "లెక్క సరిగ్గా వేసినవాడికి కూడా కొన్ని వారాలు నష్టం తప్పదు. అందుకే దీంట్లో పైసలు వద్దన్నది."